డర్హామ్ పాత ఫోటోల గోడ: ఆ రెండు తలుపుల ఫోటో ఉండాలా, వద్దా?

బడి నిర్వాహకుడు:
మన వారాంతపు తెలుగు బడి వార్షికోత్సవంలో 'మనం ఉంటున్న ఊరు' పేరుతో ఒక గోడ ఏర్పాటు చేస్తున్నాం. నార్త్ కరోలినాలోని డర్హామ్ డౌన్‌టౌన్ పాత ఫోటోలు పన్నెండు పెడదామనుకున్నాం. పదకొండింటికి అందరూ ఒప్పుకున్నారు. పన్నెండోది 1940 మే నెలలో జాక్ డెలానో తీసిన ఫోటో. పొగాకు మార్కెట్ దగ్గర ఒక చిన్న హోటలు. దానికి రెండు తలుపులు, శ్వేతజాతీయులకు ఒకటి, నల్లజాతివారికి ఒకటి అని బోర్డులు. చూడటానికి ఆరేడేళ్ల పిల్లలు కూడా వస్తారు. ఏం చేద్దాం?

మోరిస్‌విల్ నాన్న:
వద్దు. పండుగ రోజున పిల్లలకు ఊరిలో గర్వించదగ్గది చూపించాలి. పారిష్ వీధి ఫోటో ఉందిగా. బానిసగా పుట్టి, క్షౌరశాలలు నడిపి పైకొచ్చిన జాన్ మెరిక్, డాక్టర్ ఆరన్ మూర్ వంటివారు కలిసి 1898లో నార్త్ కరోలినా మ్యూచువల్ బీమా సంస్థను స్థాపించారు. 1921 నాటికి ఆ వీధిలో ఆరంతస్తుల భవనం కట్టారు. పిల్లవాడికి అది చాలదా?

కేరీ కోడలు:
మా అమ్మాయికి ఏడేళ్లు. చూపించవచ్చనే నా అభిప్రాయం.

ఒంగోలు ఆడపడుచు:
నాన్నగారూ, ఆ భవనం ఎందుకు కట్టవలసి వచ్చిందో చెప్పకుండా దాన్ని చూపించి ఏం లాభం? నల్లజాతివారికి బీమా సరిగా దొరకని రోజుల్లో వాళ్లు తమ సంస్థను తామే పెట్టుకున్నారు. ఆ రెండు తలుపులు లేకపోతే పారిష్ వీధి కథ సగమే. డర్హామ్‌లో నల్లజాతివారు ఉండే హేటై పేట సంగతి కూడా అంతే. దుకాణాలు, చర్చిలు, సినిమా హాలుతో కళకళలాడిన ఆ పేటను పట్టణ పునరుద్ధరణ పేరుతో కూల్చి, మధ్యలోంచి రహదారి వేశారు. ఇప్పుడు మనం ఆఫీసులకు వెళ్లే రహదారి అదే. పిల్లలు కారు కిటికీలోంచి చూస్తున్నది ఏమిటో వాళ్లకు తెలియాలి.

కెమెరా కన్ను:
ఒక చిన్న విషయం. డెలానో ప్రభుత్వ ఉద్యోగిగా ఆ ఫోటోలు తీశాడు. ఆ ప్రభుత్వ ఫోటో విభాగం అధిపతి రాయ్ స్ట్రైకర్ తనకు నచ్చని నెగెటివ్‌లకు పంచ్‌తో చిల్లులు పొడిపించేవాడు. కాబట్టి అవి ఊరి నిజమైన ముఖం అనుకోలేం. ఒక అధికారి ఏరిన ముఖం మాత్రమే.

ఒంగోలు ఆడపడుచు:
చిల్లు పడినవి వేరే నెగెటివ్‌లు. ఈ తలుపుల మీది బోర్డులను స్ట్రైకర్ రాయించలేదు కదా.

కెమెరా కన్ను:
నేను బోర్డుల గురించి మాట్లాడటం లేదు, ఎంపిక గురించి మాట్లాడుతున్నాను.

మోరిస్‌విల్ నాన్న:
ఎంపిక మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. హ్యూ మాంగమ్ ఫోటోలు ఎందుకు ముందుకు తేరు? 1922లో చనిపోయిన డర్హామ్ ఫోటోగ్రాఫర్ ఆయన. ఆయన ఫోటోలు తీసిన గాజు పలకలు కుటుంబ పొలంలోని పొగాకు కొట్టంలో దశాబ్దాలపాటు పడి ఉండి 1970లలో బయటపడ్డాయి. ఒకే పలక మీద శ్వేతజాతి అమ్మాయి, పక్క గడిలో నల్లజాతి అబ్బాయి. ఇద్దరూ ఒకే కుర్చీలో కూర్చుని నవ్వుతున్నారు. అదీ డర్హామే.

ఒంగోలు ఆడపడుచు:
ఆ పలకలంటే నాకూ ప్రాణం. కానీ ఒకే పలక మీద చాలా ఫోటోలు చవకగా తీసే కెమెరా అది. ఒకరు లేచాక మరొకరు వచ్చి కూర్చున్నారు. కలిసి కూర్చోలేదు. కలిసి కూర్చోబోతే ఏమవుతుందో 1957 జూన్‌లో ఇదే ఊళ్లో తేలింది. రాయల్ ఐస్‌క్రీమ్ దుకాణంలో శ్వేతజాతివారి వైపు కూర్చున్నందుకు ఏడుగురిని అరెస్టు చేశారు. 1960లో గ్రీన్స్‌బరోలో నల్లజాతి విద్యార్థులు శ్వేతజాతివారి భోజన కౌంటర్ దగ్గర బైఠాయించిన పేరుపొందిన నిరసనకు దాదాపు మూడేళ్ల ముందు సంగతి. మాంగమ్ పలక పక్కనే డెలానో ఫోటో పెట్టండి, అప్పుడు రెండూ అర్థమవుతాయి.

పొగాకు రైతుబిడ్డ:
1939లో మేరియన్ పోస్ట్ వాల్కాట్ తీసిన పొగాకు వేలం ఫోటో మాత్రం తీసేయకండి. గిడ్డంగి నేల మీద వరుసగా ఆకు కుప్పలు, వాటి మధ్య నడుస్తూ పాట పాడే మనిషి. మా ప్రకాశం జిల్లావాళ్లకు అది చుట్టాల ఇల్లు.

మోరిస్‌విల్ నాన్న:
ఆడపడుచుగారూ, మీరు పాఠం చెబుతున్నారు, నేను బిడ్డ గురించి చెబుతున్నాను. మా అబ్బాయి తరగతిలో ఇలాంటి ఫోటోనే చూపించారు. పక్క పిల్లవాడు, 'నువ్వు అప్పుడు ఉంటే ఏ తలుపులోంచి వెళ్లేవాడివి?' అని అడిగాడట. ఇంటికొచ్చి నన్ను అడిగాడు. వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. మనం 1965 వలస చట్టం మనలాంటివాళ్లకు దారి తెరిచిన తరువాత వచ్చిన వాళ్లం. ఆ తలుపులు పెట్టింది మనం కాదు, తీసింది మనం కాదు. ఆ బరువు నా కొడుకు నెత్తిన ఎందుకు?

కేరీ కోడలు:
అయ్యో, పాపం. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఎవరో ఒకరు చెప్పాలిగా.

ఒంగోలు ఆడపడుచు:
చెప్పవలసినది మనమే. 1964 పౌరహక్కుల చట్టం తరువాతి ఏడాదే ఆ వలస చట్టం వచ్చింది. జాతిని బట్టి మనుషులను వేరుచేయడం తప్పని ఈ దేశం చేత ఒప్పించినవాళ్లు దెబ్బలు తిన్నారు, జైళ్లకు వెళ్లారు. మన వీసాల వెనుక వాళ్లున్నారు. తీసింది మనం కాదంటే సరిపోదు, తీసినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

మోరిస్‌విల్ నాన్న:
రుణం, రుణం! ప్రతిదానికీ మనల్ని బోనులో నిలబెట్టడం మీకు అలవాటైపోయింది. పోయినసారి నాటకం విషయంలోనూ ఇదే చేశారు. మీకు నిజంగా బాధ ఈ ఊరి గురించేనా?

ఒంగోలు ఆడపడుచు:
కాదు. ఈ ఊరి గురించి మాత్రమే కాదు. అడిగారు కాబట్టి చెబుతాను. మా ఊరి టీ కొట్టులో మా నాన్నకు వేరే గ్లాసు. అది చూరుకు తగిలించి ఉండేది. తాగాక కడిగి ఆయనే మళ్లీ పెట్టాలి. బోర్డు లేదు, అవసరం లేదు, అందరికీ తెలుసు. మా నాన్న చదివిన బడిలో ఐదో తరగతి ఫోటో తీసినప్పుడు మా పేట పిల్లలను పక్కకు జరిపి ఆ తరువాత తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ ఊరి పూర్వ విద్యార్థుల గుంపులో తిరుగుతుంటుంది, 'ఎంత మంచి రోజులు' అంటూ. మా నాన్న అందులో లేరు. డర్హామ్‌లో ఆ తలుపులను ఒకాయన ఫోటో తీశాడు, అందుకే వాటిని ఎవరూ కాదనలేకపోతున్నారు. మా గ్లాసును ఎవరూ ఫోటో తీయలేదు.

పొగాకు రైతుబిడ్డ:
మా ఊళ్లోనూ ఉండేది. చూశాను.

మోరిస్‌విల్ నాన్న:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయం, అందులో రెండో మాట లేదు. కానీ ఇప్పుడు అసలు విషయం బయటికి వచ్చింది. ఆ ఫోటో పెడితే, పిల్లలు 'మన ఊళ్లో ఇలా ఉండేదా నాన్నా' అని అడుగుతారు. మీకు కావలసింది అదే.

ఒంగోలు ఆడపడుచు:
అవును, అదే. మీకు వద్దనిపిస్తున్నదీ అదే.

మోరిస్‌విల్ నాన్న:
నా పిల్లలకు ఆ సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలో నేను నిర్ణయిస్తాను. వార్షికోత్సవం గోడ నిర్ణయించకూడదు.

కెమెరా కన్ను:
ప్రింటు పెద్దదిగా వేయకపోతే ఆ బోర్డుల మీది అక్షరాలు కనబడవు. అది కూడా ఆలోచించండి.

బడి నిర్వాహకుడు:
ఫోటో పెడుతున్నాం, మాంగమ్ పలక పక్కనే. ఎక్కువమంది సరే అన్నారు. పెద్ద పిల్లలు వచ్చే హాలు వైపు గోడకు మారుస్తాం. కింద నాలుగు వాక్యాల వివరణ కావాలి, శుక్రవారం లోపు. ఆడపడుచుగారు రాస్తారా?

ఒంగోలు ఆడపడుచు:
రాస్తాను. గ్లాసు గురించి ఒక వాక్యం ఉంటుంది.

మోరిస్‌విల్ నాన్న:
ఆ వాక్యానికి నేను ఒప్పుకోను. ముద్రించే ముందు నాకు చూపించండి.