అప్‌డేట్: పోచంపల్లి చీరల దుకాణాల్లో ఫోటోలు

పోచంపల్లి వెళ్లి చీరల దుకాణాల్లో ఫోటోలు తీస్తే ఏమైనా అంటారా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ‘ముందు అడగండి, తర్వాతే కెమెరా తీయండి’ అన్నవారి సలహా పనిచేసింది. పాత నల్గొండ జిల్లాలోని ఈ ఊరు 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల జాబితాకెక్కింది. కాబట్టి కెమెరాలు అక్కడి దుకాణాలవారికి కొత్త కాదు. కొత్త డిజైన్లను మాత్రం దగ్గరగా తీయనివ్వలేదు. ఫోటో చూసి మిల్లు బట్ట మీద అచ్చు వేసేస్తారని భయం. న్యాయమే మరి! బదులుగా ఒక పెద్దాయన రంగు వేసే ముందు పోగులకు కట్లు కట్టే చోటు చూపించారు. బిగించిన పట్టు పోగులు, వాటిపై వరుసగా రబ్బరు కట్లు; కట్టు విప్పిన చోట రంగు అంటని తెల్లటి చుక్క. నాకు దక్కిన మంచి ఫోటోలు అవే. ఫ్లాష్ వాడకండి, పట్టు తెల్లగా మెరిసిపోతుంది. ట్యూబ్‌లైటు కింద కాకుండా గుమ్మం దగ్గర తీస్తే ఎరుపు ఎరుపుగానే వచ్చింది. చీర కొనలేదు, దుప్పటితో సరిపెట్టుకున్నాను.