ఫిల్టర్ ఎలిమెంట్లని హై ప్రెషర్ జెట్‌తో కడిగి మళ్ళీ లైన్లో పెట్టొచ్చా?

పంప్‌హౌస్:
అందరికీ నమస్తే. లూబ్ ఆయిల్ లైన్లో మా ఫిల్టర్ ఎలిమెంట్లు (మురికి పట్టే జల్లెడ భాగం) స్టెయిన్‌లెస్ వైర్ మెష్‌వి, ప్లీటెడ్ (మడతలు పెట్టిన) టైపు, 25 మైక్రాన్. ప్రతి షట్‌డౌన్‌లో తీసి 150 బార్ జెట్‌తో కడిగేసి మళ్ళీ పెట్టేస్తాం, ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి. ఈసారి కొత్తగా వచ్చిన ఇంజనీరు గారు జెట్‌తో మెష్ పాడవుతోంది, ఆపేయండి అన్నారు. మా సీనియర్ ఫిట్టర్ గారేమో కడిగాక డీపీ (ఫిల్టర్‌కి ముందు, వెనక ఒత్తిడిలో తేడా) కొత్తదాంట్లో ఎంతుంటదో అంతే చూపిస్తోంది కదా ఇంకేం కావాలి అంటున్నారు. ఇద్దరూ నాకు కావాల్సినవాళ్ళే. మీ దగ్గర ఏం చేస్తున్నారో చెప్పండి.

నైట్‌షిఫ్ట్_ఫిట్టర్:
జెట్ లేకపోతే ఆ జిడ్డు దేంతో పోద్ది అన్నా. బ్రష్ పెడితే మడతల్లోకి దూరదు, ఉత్త గాలి కొడితే పైపైన దులిపినట్టే. నేను ఇరవై ఏళ్ళుగా కడుగుతున్నా, ఒక్కటి కూడా నా చేతిలో చిరగలా. వాష్ బే‌లో వరసగా నిలబెట్టి కొడితే ఒక పూటలో అన్నీ అయిపోతాయి, స్టార్టప్ టైముకి అందాలి కదా. మీ సీనియర్ గారు చెప్పింది కరెక్టే.

బబుల్‌టెస్ట్:
నైట్‌షిఫ్ట్ అన్నా, మీ చేతి మీద గౌరవంతోనే ఒక మాట చెప్తా. చిరగలేదని మీకెలా తెలిసింది? కళ్ళతో చూసి, డీపీ చూసి, అంతే కదా. అసలు చిక్కంతా అక్కడే ఉంది. బాగా శుభ్రపడ్డ ఎలిమెంట్‌కీ డీపీ తక్కువే, ఎక్కడో చిల్లు పడ్డదానికీ డీపీ తక్కువే. దారి ఎంత తెరుచుకుందో డీపీ చెప్తది గానీ అన్నిట్లోకి పెద్ద రంధ్రం ఎంతుందో చెప్పదు, మనకి కావాల్సిందేమో ఆ రెండోది.

ఇంకోటి, మనం కొడుతున్నది దేన్నో ఒకసారి చూడండి. 25 మైక్రాన్ల చదరపు మెష్‌లో తీగ మందం కూడా దాదాపు అంతే ఉంటది, తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. 150 బార్ దగ్గర నాజిల్లోంచి నీళ్ళు సెకనుకి సుమారు 170 మీటర్ల వేగంతో వస్తాయి. నిమిషానికి 15 లీటర్ల పంపు అనుకుంటే ఆ ధార తోసే బలం నాలుగు కిలోల పైనే. జీరో డిగ్రీ నాజిల్ పెట్టి దగ్గరకి తెచ్చామంటే అదంతా కొన్ని మిల్లీమీటర్ల చోట పడుద్ది. అదే 25 డిగ్రీల ఫ్యాన్ నాజిల్ 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 13 సెంటీమీటర్ల వెడల్పుకి పరుచుకుంటది, అప్పుడు తీగ మీద పడే దెబ్బ చాలా తక్కువ. అంటే గేజ్ మీద 150 ఉన్నా నాజిల్ ఏదో, దూరం ఎంతో చెప్పకపోతే ఆ అంకెతో మనకేం తెలీదు.

నేను స్వయంగా చూసింది చెప్తా. కడిగి ఆరబెట్టిన ఎలిమెంట్‌లోకి సన్నటి లైటు దించి చీకటి గదిలో తిప్పుతా ఉంటే, మడత కొన మీద, చివరి మూత అంటే ఎండ్ క్యాప్‌కి ఒక వేలెడు దూరంలో సూది మొనంత వెలుగు చుక్క కనపడింది. మిగతా మెష్ అంతా సమానంగా మసకగా మెరుస్తోంది, అదొక్కటే తెల్లగా. అక్కడ తీగలు తెగలేదు, పక్కకి జరిగాయి అంతే. అంతకుముందు ఆ ఎలిమెంట్ డీపీ కొత్తదాంతో సమానంగా వచ్చింది, అందరం ఓకే అని సంతకాలు కూడా పెట్టేశాం. ఆ రోజు నుంచి డీపీ ఒక్కటే చూసి నేను ఏ ఎలిమెంటూ లోపల పెట్టనివ్వలేదు.

స్టోర్స్_కౌంటర్:
ఈ మాటలన్నీ మెష్ ఎలిమెంట్లకే అని గట్టిగా చెప్పండి బాబూ, లేకపోతే చదివినోళ్ళు హైడ్రాలిక్ లైన్లో గ్లాస్ ఫైబర్ ఎలిమెంట్ కూడా జెట్ కింద పెడతారు. అందులో మురికి పొర లోపల లోతుగా ఇరుక్కుంటది, కడిగినా రాదు, కడిగితే ఫైబర్ చెదిరిపోతది, అది వాడి పారేసేదే. పేపర్ ఎలిమెంట్ కూడా అంతే, తడిస్తే బలం పోద్ది. డస్ట్ కలెక్టర్ కార్ట్రిడ్జ్‌ల్లో స్పన్‌బాండ్ పాలిస్టర్ అయితే కడగొచ్చు, మామూలు సెల్యులోజ్ అయితే వద్దు. తయారీదారు షీట్ చూడకుండా ఎవరూ గన్ ఎత్తకండి.

నైట్‌షిఫ్ట్_ఫిట్టర్:
ఆ వెలుగు చుక్క మాట ఒప్పుకుంటా, నేనెప్పుడూ లైటు పెట్టి చూడలా. కానీ జెట్ మానేస్తే దాని బదులు ఏం చెయ్యాలో కూడా చెప్పాలి కదా. అల్ట్రాసోనిక్ ట్యాంకులో ఒకసారికి రెండు మూడే పడతాయి, అరవై ఎలిమెంట్లు కడిగే లోపు షట్‌డౌన్ అయిపోద్ది.

బబుల్‌టెస్ట్:
జెట్ మానెయ్యమని నేను అన్లేదన్నా, అది చివర్లో రావాలి అంటున్నా. మొదట నానబెట్టండి, గోరువెచ్చటి డిటర్జెంట్‌లో లేదా తగిన సాల్వెంట్‌లో. ఎండిపోయిన ఆయిల్ వార్నిష్ మీద జెట్ కొడితే పై పొరే పోద్ది, రంధ్రాల్లోది అలాగే ఉండిపోద్ది, నానితే మెత్తబడి సగం దానంతటదే ఊడొస్తది. కాస్టిక్ వాడేవాళ్ళు ఎండ్ క్యాప్ అల్యూమినియమా అని ముందు చూసుకోండి, దానికి కాస్టిక్ పడదు. తర్వాత శుభ్రమైన వైపు నుంచి, అంటే లోపలి నుంచి బయటికి నీళ్ళు పంపాలి, మురికి ఏ దారిన వచ్చిందో అదే దారిన పోవాలి. బయట నుంచి ఎదురుగా కొడితే దాన్ని మనమే ఇంకా లోపలికి దిగ్గొడుతున్నాం. బయట నుంచి తప్పదు అనుకుంటే ఏటవాలుగా, మడతల పొడుగునా పోవాలి, అడ్డంగా పోతే ప్రతి మడతా ఊగి కొనల దగ్గర తీగ అలిసిపోతది. చాలాసార్లు 40, 50 బార్‌తోనే పని అయిపోద్ది. అల్ట్రాసోనిక్ అన్నిటికీ అక్కర్లేదు, ఇవన్నీ చేసినా డీపీ దిగనివాటికి ఉంచుకోండి.

నీటి సంగతి కూడా చూసుకోండి. క్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు స్టెయిన్‌లెస్ మీద ఆరిపోతే అక్కడ గుంటలు పడతాయి, చివరి కడుగుడు లవణాలు తీసేసిన డీఎం వాటర్‌తో చెయ్యాలి. లూబ్ లైన్లోకి పోయేది కాబట్టి చుక్క తడి లేకుండా ఆరాలి, నీళ్ళు పోతే బేరింగులకే చేటు.

సేఫ్టీ_నోటీస్‌బోర్డ్:
ఒకటి మర్చిపోతున్నారు. 7 బార్ ధార కూడా చర్మంలోకి దిగగలదు, 150 గురించి చెప్పక్కర్లేదు. ఎలిమెంట్‌ని చేత్తో పట్టుకుని తిప్పుతూ కడిగేవాళ్ళని చాలామందిని చూశా, దయచేసి ఆ పని మానండి, స్టాండులో బిగించండి, మామూలు గ్లౌజులు ఆ ధారని ఆపలేవు. దెబ్బ తగిలితే పైకి చిన్న చుక్కే కనిపిస్తది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు, కానీ ఆ నూనె, మురికి అంతా లోపల పాకుతా ఉంటది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి హై ప్రెషర్ వాటర్ ఇంజెక్షన్ అని డాక్టర్‌కి చెప్పండి, బ్యాండేజ్ కట్టి డ్యూటీకి పంపకండి.

పంప్‌హౌస్:
అందరికీ థ్యాంక్స్. ఒక్కటి అడుగుతా, డీపీతో సరిపెట్టుకోకుండా చిల్లు ఉందో లేదో టెస్ట్ చెయ్యాలంటే ఖచ్చితంగా ఏం చెయ్యాలి? మాకు ల్యాబ్ లేదు.

బబుల్‌టెస్ట్:
ల్యాబ్ అక్కర్లేదు. దీని పద్ధతి ఐఎస్ఓ 2942 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉంది. ఎలిమెంట్‌ని అడ్డంగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచి, పైన ఒక సెంటీమీటరు ద్రవం ఉండేలా చూసి, కాసేపు నాననిచ్చి, లోపలికి గాలి చాలా నెమ్మదిగా పంపుతూ ఎలిమెంట్ తిప్పుతూ ఉండాలి. మొదటి బుడగల ధార ఏ ఒత్తిడి దగ్గర, ఏ చోట మొదలైందో రాసుకోండి. రంధ్రం రెండింతలైతే ఆ ఒత్తిడి సగమవుతది, అందుకే ఇది అబద్ధం చెప్పదు. కొత్త ఎలిమెంట్ ఒకటి టెస్ట్ చేసి ఆ అంకె దగ్గర పెట్టుకోండి, కడిగినవాటిని దాంతో పోల్చండి. ఒత్తిడి చిన్నది, నీటి మానోమీటర్ చాలు. ఆల్కహాల్ కాబట్టి దగ్గర్లో నిప్పు, వెల్డింగ్ ఉండకూడదు, గాలి బాగా ఆడాలి.

పంప్‌హౌస్:
పోయిన షట్‌డౌన్‌లో కడిగిన 9 స్పేర్లు ఇవాళ టెస్ట్ చేశాం. 7 కొత్తదానికి దగ్గరగా వచ్చాయి. రెండింట్లో సగం ఒత్తిడి కూడా రాకముందే బుడగలు, రెండిట్లోనూ సీమ్ (మెష్ అతుకు) పక్కనే, ఒకే చోట. మా సీనియర్ ఫిట్టర్ గారు బుడగల దగ్గర చాలాసేపు వంగి చూసి, ఇక్కడ లాన్స్ (జెట్ గొట్టం) ఆపి ఒక్క క్షణం ఎక్కువ కొట్టేవాణ్ణి, జిడ్డు ఇక్కడే ఎక్కువుంటది అన్నారు. ఆయనే ఇప్పుడు ఆ రెండూ పక్కన పెట్టించి, నానబెట్టడానికి ట్యాంకు ఎక్కడ దొరుకుద్దో కనుక్కుంటున్నారు. లైన్లో ఉన్న మిగతావి వచ్చే షట్‌డౌన్ దాకా ఆగకుండా ఒక్కోటీ ఎలా తీసి టెస్ట్ చెయ్యాలో ఎవరైనా చెప్తారా, మాది డ్యూప్లెక్స్ హౌసింగే, రెండు ఛాంబర్లు, ఒకటి నడుస్తుంటే ఇంకోటి స్టాండ్‌బై.

నైట్‌షిఫ్ట్_ఫిట్టర్:
డ్యూప్లెక్స్ అయితే నడుస్తుండగానే చెయ్యొచ్చు అన్నా. ముందు స్టాండ్‌బై ఛాంబర్లో టెస్ట్ అయినవి పెట్టు, నెమ్మదిగా ఆయిల్ నింపి గాలంతా వెంట్ చేసి, అప్పుడు ఛేంజోవర్ వాల్వ్ తిప్పు. గాలి మిగిలితే ఆయిల్ ప్రెషర్ పడి మెషిన్ ట్రిప్ అవుద్ది, కంట్రోల్ రూముకి చెప్పకుండా ముట్టుకోవద్దు. పాత ఛాంబర్లో ప్రెషర్ పోయిందని గేజ్ చూశాకే మూత విప్పు. మా దగ్గరున్న స్పేర్లు కూడా రేపు ముంచి చూస్తాం.