యాక్టర్ల భాష: మెయిల్‌బాక్స్ నిండిపోతే ఏమి చేయాలి?

పటమటవాసి (విజయవాడ):
తీరిక వేళల్లో చిన్న ప్రోగ్రామింగ్ భాష ఒకటి తయారు చేస్తున్నాను. ఉమ్మడి మెమరీ లేదు, దాన్ని ఒకరి తర్వాత ఒకరు వాడేలా కాపాడే తాళాలు (లాక్‌లు) లేవు. యాక్టర్లు, అంటే విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రాము ముక్కలు, సందేశాలతోనే మాట్లాడుకుంటాయి. ఒక యాక్టర్ ఫైలు చదివి వరుసలు పంపుతుంది, ఇంకొకటి వాటిని డేటాబేస్‌లో రాస్తుంది. రాసేది నిదానం. పెద్ద ఫైలు ఇచ్చేసరికి నా 8 జీబీ ల్యాప్‌టాప్ చేతులెత్తేసింది. వచ్చిన సందేశాలు వరుసలో ఆగే పెట్టెకు, అంటే మెయిల్‌బాక్స్‌కు, హద్దు పెట్టమంటారా?

బ్రాడీపేట (గుంటూరు):
ఈ తిప్పలు పెద్ద భాషలకూ ఉన్నాయండీ. 1986లో ఎరిక్సన్‌లో మొదలైన ఎర్లాంగ్‌లో కూడా మెయిల్‌బాక్స్‌కు హద్దు లేదు. పైగా అక్కడ తనకు కావలసిన రకం సందేశం కోసం ప్రాసెస్ (యాక్టర్‌కు అక్కడి పేరు) సందేశాల వరుసను మొదటినుంచీ వెతుకుతుంది. వరుస పెరిగితే వెతుకులాట పెరుగుతుంది, పని మందగిస్తుంది, దాంతో వరుస ఇంకా పెరుగుతుంది. ఒకసారి రాత్రి రెండింటికి ఇది నా కళ్లముందే జరిగింది.

మిర్చిరైతుబిడ్డ:
మా గుంటూరు మిర్చి యార్డుకు సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) వెల్లువెత్తితే, ఉన్న సరుకు కదిలేదాకా కొత్తది తేవద్దంటారు. ఒక ఏడాది ఆ కబురు అందక మా నాన్న లోడుతో వచ్చి రాత్రంతా రోడ్డు మీదే పడుకున్నారు. గేటు మూయడం ఎవరికైనా చేతనవుతుంది. ఊళ్లో బండి కదలకముందే కబురు అందాలి.

పటమటవాసి:
అయితే పెట్టె నిండగానే పంపేదాన్ని అక్కడే ఆపేస్తాను.

బ్రాడీపేట:
తొందరపడకండి. రెండు యాక్టర్లు ఒకదానికొకటి పంపుకుంటున్నాయి, రెండు పెట్టెలూ నిండాయి అనుకోండి. రెండూ పంపే చోటే ఆగిపోతాయి, పెట్టె ఖాళీ చేసేవారు ఉండరు. తాళాలు లేవన్న మీ భాషలోకి డెడ్‌లాక్ దొడ్డిదారిన వచ్చినట్లే.

మంగళగిరి_67:
పోనీ అనే భాష ఉంది, పేరు చూసి పోనీలే అనుకోకండి. అందులో పెట్టెకు హద్దు లేదు. తలకు మించిన పని పడిన యాక్టర్‌కు ఎవరైనా సందేశం పంపితే, పంపినదానికి షెడ్యూలర్ (ఏ యాక్టర్ ఎప్పుడు నడవాలో చూసేది) కొంతసేపు వంతు ఇవ్వదు. పంపేది కూడా అలాగే పనిలో మునిగి ఉంటే మాత్రం దాన్ని ఆపదు. బ్రాడీపేట గారు చెప్పిన చిక్కు అక్కడ తప్పుతుంది.

మిర్చిరైతుబిడ్డ:
మీ షెడ్యూలర్‌ను ముట్టుకోకుండానే మొదలుపెట్టవచ్చు. రాసే యాక్టర్‌నే "500 వరుసలు పంపు" అని అడగనివ్వండి. అడిగినన్నే పంపాలి.

పటమటవాసి:
నిన్న రాత్రి అలాగే చేశాను. మెమరీ ఫైలు పొడవునా ఒకే మట్టంలో ఉంది. కానీ కొత్త తలనొప్పి: రాసే యాక్టర్ మధ్యలో కూలిపోయింది, చదివేది "పంపు" అన్న మాట కోసం తెల్లవారేదాకా ఎదురుచూస్తూనే ఉంది.

బ్రాడీపేట:
ఒక యాక్టర్ చనిపోతే దాని మీద కన్నేసిన యాక్టర్‌కు ఆ కబురు కూడా మామూలు సందేశంగానే చేరాలి. ఎర్లాంగ్‌లో మానిటర్ చేసే పని అదే. మీ భాషలో అది ఉందా?

పటమటవాసి:
లేదండీ. ఈ ఆదివారం పని దొరికింది.