గ్రాస్‌లో కలుపుకున్న సెంటు కడపకొచ్చాక వాసన మారిపోయింది, పాడైనట్టేనా?

పెన్నాగట్టు (కడప):
అందరికీ నమస్కారం. ఏప్రిల్‌లో ఒక్కదాన్నే ఫ్రాన్స్ వెళ్లొచ్చాను, తోడు లేకుండా ఇంటి గడప దాటడం ఇదే మొదటిసారి. అక్కడ దక్షిణాన కొండ మీద గ్రాస్ అనే ఊరుంది. ఒకప్పుడు తోళ్లు ఊనే ఊరట, తోలు చేతి తొడుగుల కంపు పోవడానికి పూల వాసన పట్టించడం మొదలుపెట్టి, పోనుపోను ఊరంతా సెంట్ల పనిలోకే దిగిపోయింది. మన సెంటు మనమే కలుపుకునే క్లాసులు ఉంటాయక్కడ. రెండు గంటలు కూర్చున్నాను. ఎదురుగా అరల నిండా చిన్న చిన్న సీసాలు, కొలిచే గాజు పాత్ర ఒకటి, వాసన చూడ్డానికి కాగితం పట్టీలు. చివరిదాకా నిలిచే వాసన ముందు పోయించారు, వెనిలా, గంధం తీసుకున్నా. తర్వాత గులాబీ, మిమోసా అనే పువ్వు. ఆఖరున నిమ్మ, బెర్గమాట్ (అదీ నిమ్మజాతి పండే). మిమోసా పట్టీ మాత్రం కింద పెట్టబుద్ధి కాలేదు, ఎక్కడో బాగా తెలిసిన వాసన, ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు.

పదిహేను రోజులు ఆగి వాడమన్నారు. ఆగలేక ఇంటికొచ్చిన మరుసటి రోజే కొట్టుకున్నా. పది నిమిషాల్లో నిమ్మ మాయం, ఇక పాయసం గిన్నె పక్కన నిలబడ్డట్టు ఒకటే వెనిలా. ఆ ఊరి ఛాయ కూడా లేదు. ఏడుపొచ్చింది. ఏం చేయాలి?

అత్తరంగడి (కర్నూలు):
పాడు కాలేదమ్మా, టెన్షన్ పడొద్దు. మా నాయన కాలం నుంచి మాకు అత్తర్ల అంగడి ఉంది, ఎండాకాలం వస్తే రోజూ ఇద్దరైనా ఇదే మాటతో వస్తారు. సెంటులో ఎక్కువ భాగం ఆల్కహాలే, కొత్తగా కలిపినప్పుడు దాని ఘాటే పైకి కొడుతుంది, నూనెలు అందులో ఊరాలి. ఆవకాయ కలిపిన పూటే రుచి చూసి బాగాలేదంటామా? ఇక ఎండ సంగతి. నిమ్మ, బెర్గమాట్ చల్లటి చోటే ఎక్కువసేపు నిలవవు, 42 డిగ్రీల్లో చెమట పట్టిన ఒంటి మీద ఎక్కడ ఆగుతాయి? వెనిలా బరువైంది, మిగిలిపోయి వేడికి ఇంకా రేగుతుంది. మీకొచ్చిన పాయసం వాసన అదే.

రెండు మూడు వారాలు సీసాను చీకట్లో, బట్టల బీరువాలో పెట్టండి. కిటికీ పక్కన, బాత్రూంలో అసలే వద్దు. ఆ తర్వాత ఒంటికి కాదు, నూలు చీర కొంగుకి లోపలివైపు ఒక్కసారి కొట్టి మూడు గంటలయ్యాక చూడండి, మధ్యలో వేసిన పూలు అప్పుడు తెలుస్తాయి. పట్టు మీద కొట్టొద్దు, మరక పడుతుంది.

వీలైతే ఈసారి ఉత్తరప్రదేశ్‌లో అత్తర్లకు పేరుపడ్డ కన్నౌజ్ వెళ్లండి, అక్కడ మట్టి అత్తరు తీస్తారు. కాల్చిన మట్టిని డేగు అనే రాగి బానలో నీళ్లతో మరిగించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా గంధం నూనె ఉన్న భప్కా అనే ఇంకో పాత్రలోకి దింపుతారు. తొలకరి వానకు నేల తడిసిన వాసన అచ్చంగా వస్తుంది. అందులో ఆల్కహాలు ఉండదు, మన ఎండకు అదే నిలబడుతుంది.

ఒంటరిబస్సు (అనంతపురం):
అక్కా, పైన అన్న చెప్పినదంతా నిజం. నేను చెప్పేది ఒక్కటే, బాగుంది కదా అని రోజూ వాడొద్దు. వాసన కబురు ముక్కు నుంచి మెదడులో జ్ఞాపకాలు, భావాలు చూసుకునే చోటికి దాదాపు నేరుగా పోతుంది, అందుకే ఒక్కసారి పీల్చగానే ఊరు ఊరంతా కళ్లముందుకొస్తుంది. కానీ అదే వాసనను రోజూ ఇంకోచోట పీలిస్తే ఆ చోటే దానికి అతుక్కుంటుంది. మైసూరులో కొన్న గంధం అత్తరు నేనట్లానే పోగొట్టుకున్నా. ఆఫీసుకు రోజూ రాసుకున్నా, ఇప్పుడు మూత తీస్తే చాముండి కొండ మెట్లు కాదు, మా ఆఫీసు లిఫ్టు గుర్తొస్తుంది. చాలా బాధేస్తుంది అక్కా. ఏడాదికి రెండు మూడు సార్లు తీయి, చాలు. ఫార్ములా కాగితం ఇచ్చి ఉంటే ఈరోజే ఫోటో తీసి పెట్టుకో.

రేగడినేల (ముద్దనూరు):
నేను బోటనీ చెప్తాను. మిమోసా ఎందుకు తెలిసినట్టుందో చెప్పనా? అది తుమ్మే తల్లీ! ఆస్ట్రేలియా నుంచి ఫ్రాన్స్ వెళ్లిన తుమ్మ, జనవరి ఫిబ్రవరిలో అక్కడి కొండలన్నీ పసుపు రంగుకు తిరిగేది దాని పూలకే. మన రేగడి చేలల్లో గట్ల మీద ఉండే కస్తూరి తుమ్మ దానికి చుట్టమే. గ్రాస్ వాళ్లు కస్తూరి తుమ్మ పూల నుంచి కూడా సెంటుకు సరుకు తీశారు, కాసీ అంటారు దాన్ని. శెనగ గింజంత పసుపు బంతులు, ముట్టుకుంటే వేళ్లకు పుప్పొడి అంటుకుంటుంది. మీ వాళ్లకు పొలం ఉందా?

పెన్నాగట్టు (కడప):
అందరికీ చాలా థాంక్స్, మూడు వారాలు ఆగి ఇప్పుడు రాస్తున్నా. నిన్న పొద్దున కొంగుకి ఒక్కసారి కొట్టి దండెం మీద వేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. మధ్యాహ్నం అమ్మ బట్టలు మడతపెడుతూ ఆ కొంగు దగ్గర ఆగి, "ఈ ఎండల్లో తుమ్మ పూలు ఎక్కడివే?" అంది. సార్, మా తాతకు జమ్మలమడుగు పక్కన చేను ఉండేది, నాకు ఆరేళ్లప్పుడు అమ్మేశారు. బావి గట్టు మీద ముళ్లచెట్టు ఒకటి ఉండేదని, ఆ పూలు రుమాలులో మూటగట్టి నాకిచ్చేదాన్నని అమ్మ చెప్పింది. నాకు ఆ చెట్టు అస్సలు గుర్తులేదు, వాసన మాత్రం ఉంది.

సీసా బీరువాలో పెట్టేశాను తమ్ముడూ, రోజూ తీయను. సార్, మీ వైపు ఆ తుమ్మ పూసినప్పుడు ఇక్కడ ఒక్క మాట రాయండి, అమ్మను తీసుకుని వస్తాను.