కాలనీ రోడ్డులో బండ్ల దూకుడు: స్పీడ్ బ్రేకర్ మనమే పోసుకోవచ్చా?

కాలనీవాసి
హైదరాబాద్‌లో కాలనీ రోడ్డు. 40 అడుగుల వెడల్పు, 350 మీటర్లు తిన్నగా ఉంటుంది. రెండు మెయిన్ రోడ్లకు అడ్డదారి కావడంతో సిగ్నల్ తప్పించుకునే కార్లు, డెలివరీ బైకులు అన్నీ ఇటే. సాయంత్రమైతే పిల్లల్ని బయటికి పంపాలంటే భయం. తలా ఇంత వేసుకుని సిమెంటుతో రెండు బ్రేకర్లు పోయిద్దామని అసోసియేషన్ అంటోంది. కొలతలు చెప్పగలరా?

తారురోడ్డు
సొంతంగా పోయకండి సార్. రాత్రిపూట గుర్తులేని దిబ్బ మీద బైకు పడితే కేసు పోసినవాళ్ల మీదికే రావచ్చు. పైగా మేస్త్రీలు పోసేది అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు. దాని మీద నిదానంగా వెళ్లే కారుకు అడుగుభాగం తగులుతుంది, వెనక కూర్చున్న పెద్దవాళ్లకు నడుం పడుతుంది. వేగంగా దూకేవాడికి మాత్రం కుదుపు చాలావరకు సస్పెన్షన్‌లోనే పోతుంది. ఎవరిని ఆపాలో వాళ్లే ఆగరు.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన ఐఆర్‌సీ 99 మార్గదర్శకాల ప్రకారం బ్రేకర్ (బండి వెళ్లే దిశలో) 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన గుండ్రంగా ఉండాలి. 25 కిలోమీటర్ల వేగంతో ఇబ్బంది లేకుండా దాటొచ్చు. ఒకటి వేస్తే అది దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ తొక్కుతారు, అందుకే 100–120 మీటర్లకొకటి. మీ రోడ్డుకు మూడు పడతాయి. నలుపు తెలుపు పట్టీలు, క్యాట్ ఐలు (లైటు పడితే మెరిసే బిళ్లలు), 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు తప్పనిసరి. అంచున వాన నీళ్లు పోయే సందు వదలాలి, కానీ ఆ సందులోంచే బైకులు దూరిపోతాయి. అక్కడో చిన్న స్తంభం పాతించండి.

లెక్కలమాస్టారు
అర్జీ కంటే ముందు వేగం కొలవండి. "చాలా స్పీడుగా పోతున్నారు" అని రాస్తే పక్కన పెట్టేస్తారు. రోడ్డు మీద 50 మీటర్ల దూరంలో రెండు సుద్దగీతలు గీసి, రెండూ కనిపించేలా ఏదైనా మేడ మీంచి ఫోన్‌లో వీడియో తీయండి. 180ని పట్టిన సెకన్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 6 సెకన్లయితే 30, 4 అయితే 45, 3 అయితే 60. చేత్తో స్టాప్‌వాచ్ వద్దు. అర సెకను తేడా పడిందంటే 60 కాస్తా 51 అయిపోతుంది.

ఉదయం, సాయంత్రం కలిపి 100 బండ్లు కొలిచి, తక్కువ నుంచి ఎక్కువకు పేర్చండి. 85వ బండి వేగమే ఇంజనీర్లు చూసే అంకె. 2022లో తెలంగాణ ప్రభుత్వం కాలనీ రోడ్లకు 30 పరిమితి పెట్టింది, దాంతో పోల్చి చూపండి. 30లో ఉన్న కారు, డ్రైవరు చూసిన క్షణం నుంచి దాదాపు 13 మీటర్లలో ఆగుతుంది. 50లో అయితే 28 మీటర్లు కావాలి. బంతి వెనక పరుగెత్తే పిల్లవాడికి ఆ తేడాయే ప్రాణం.

కాలనీవాసి
చాలా థాంక్స్ మాస్టారూ. బ్రేకర్ కావాలని అందరూ అంటారు, తమ గేటు ముందు మాత్రం వద్దంటున్నారు. ఏం చేయాలి?

తారురోడ్డు
వాళ్ల మాటలోనూ న్యాయముంది. రాత్రంతా బ్రేకు, గేరు చప్పుడు భరించాలి కదా. రెండిళ్ల మధ్య గోడ దగ్గర, వీధిదీపం కింద, మ్యాన్‌హోల్‌కు దూరంగా చోటు చూసి, ఆ రెండిళ్లవాళ్ల సంతకాలు ముందే తీసుకోండి. చాలాచోట్ల పని ఆగేది అక్కడే. కొలతల పట్టిక, స్కెచ్, వీడియో జతచేసి ఒక కాపీ మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగానికి, ఇంకోటి ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కు ఇవ్వండి. రెండుచోట్లా రసీదు తీసుకోండి.

మంజూరయ్యాక పోసే రోజు దగ్గరుండి చూసుకోండి. తారు మీద సిమెంటు పోస్తే పట్టు దొరక్క అంచులు పెచ్చులూడతాయి. తారు కంకరే వేయించి, వేడి మీదుండగానే రోలర్ తిప్పించాలి. చల్లారాక తొక్కిస్తే నెల తిరక్కుండా మధ్యలో కుంగుతుంది. బ్రేకర్‌కు ముందూ వెనకా రోడ్డు నుంచి ఒకే ఎత్తులో దారం బిగించి కట్టండి. ఆ ఎత్తులోంచి దారానికీ దిబ్బ నడిమధ్యకూ ఉన్న దూరం తీసేస్తే బ్రేకర్ ఎత్తు వస్తుంది, 10 సెంటీమీటర్లు దాటితే అప్పుడే చెక్కించాలి.