పుపుస సిరల్లోకి పాకే గుండె కండరం కొందరిలోనే లయను ఎందుకు చెడగొడుతుంది?

శరీర నిర్మాణ శాస్త్రం చదువుతున్నాను. ఒక విషయం ఎంత చదివినా కొరుకుడు పడటం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

ఎడమ కర్ణిక కండరం కర్ణిక గోడ దగ్గరే ఆగిపోదు, ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే పుపుస సిరల మీదుగా కొంత దూరం తొడుగులా సాగుతుంది. కర్ణికలు లయ తప్పి అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను రేపే అదనపు స్పందనలు చాలావరకు అక్కడే పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు చూపించారు. అందుకే అబ్లేషన్ అనే చికిత్సలో ఆ సిరల ముఖద్వారం చుట్టూ మచ్చ కట్టించి విద్యుత్ ప్రేరణలను అడ్డుకుంటారు. ఇంతవరకు బాగానే ఉంది.

కండర కణాలు ఎక్కువగా కొసల దగ్గర గ్యాప్ జంక్షన్లతో (కణం నుంచి కణానికి విద్యుత్తు దాటే సన్నని దారులు) కలిసి ఉంటాయి కాబట్టి ప్రేరణ పోగు వెంట వేగంగా, పోగుకు అడ్డంగా నెమ్మదిగా నడుస్తుంది. సిర మొదట్లో పోగులు కొన్ని చుట్టూ తిరిగి, కొన్ని నిలువుగా, కొన్ని ఏటవాలుగా ఉంటాయి, మధ్యమధ్య పీచు కణజాలం. అలా దిశ మారేచోట ప్రేరణ మందగించి, వెనుదిరిగి రీఎంట్రీగా (ఒకే ప్రేరణ మళ్లీమళ్లీ చుట్టూ తిరగడం) మారుతుందా? లేక కణాల్లో కాల్షియం అదుపు తప్పి అవే స్వయంగా స్పందిస్తాయా? రెండూ ఉంటే ఏది ముందు?

గుండెపోటు తర్వాత జఠరికలో వచ్చే టాకికార్డియా (అతివేగపు లయ) నాకు తేలికగానే అర్థమైంది. అక్కడ మచ్చ ఉంది, దాని మధ్య బతికి మిగిలిన సన్నని పోగుల గుండా ప్రేరణ తిరుగుతుంది. కానీ ఈ తొడుగులు ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి కదా! మరి వయసుతో, అధిక రక్తపోటుతో కర్ణిక సాగడం వల్ల వాటిలో ఏం మారుతుంది?

ఎలక్ట్రోఫిజియాలజీలో (గుండె విద్యుత్ లయను చూసే వైద్య విభాగం) పనిచేసేవారు, గుండెను కోసి పోగులను స్వయంగా చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి. పోగుల దిశ స్పష్టంగా కనిపించే చిత్రాలున్న పుస్తకం పేరు చెప్పినా ఎంతో మేలు చేసినవారవుతారు.