కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్రావిటీ కోర్: బ్యారెల్ 5 మీటర్లు దిగినా లైనర్‌లో 2 మీటర్లే ఎందుకు వస్తోంది?

రేవడి_తీరం:
కాకినాడకు అవతల సముద్రంలో, నీటి లోతు 1,100 మీటర్లు. అడుగు మట్టిని కడ్డీలా (కోర్) తీయడానికి, సొంత బరువుతో దిగబడే గ్రావిటీ కోరర్ వాడుతున్నాం. కోరర్ తల బరువు 700 కిలోలు, బ్యారెల్ (బయటి గొట్టం) 6 మీటర్లు, లోపల మట్టిని పట్టే పీవీసీ లైనర్ గొట్టం. బ్యారెల్ బయట బురద 5 మీటర్ల దాకా అంటుకుని వస్తోంది, లోపల చూస్తే 2.1 మీటర్లే. పైన ఉండాల్సిన గోధుమరంగు పలుచని రొంపి అసలు కనబడదు. తీగ వదిలే వించ్‌ను నిమిషానికి 90 మీటర్ల వేగంతో, మధ్యలో ఆపకుండా అడుగు తాకేదాకా వదులుతున్నాం. మట్టి జారిపోకుండా కింద పట్టే రేకుల కోర్ క్యాచర్ మార్చినా ఫలితం ఇంతే. ఇంకో సంగతి, ధ్వని కిరణాలతో అడుగు లోతు కొలిచే మల్టీబీమ్‌లో చదునైన అడుగు కూడా రెండు అంచుల్లో పైకి వంగినట్టు కనిపిస్తోంది. రెండింటికీ కారణాలు చెప్పగలరా?

వించ్_డెక్:
రేవడి గారూ, క్యాచర్‌ను అనుమానించే ముందు తల దగ్గరి వాల్వ్ విప్పి చూడండి. కోరర్ దిగేటప్పుడు లైనర్‌లోని నీరు పైనుంచి ధారాళంగా బయటికి పోవాలి. వాల్వ్ పాత బురదతో సగం మూసుకుపోయినా, దాని రంధ్రం లైనర్ కంటే బాగా ఇరుకైనా, లోపలి నీరు మట్టిని రానివ్వదు. ముందుకు తోసుకొచ్చే నీటి ఒత్తిడికి పై రొంపి పక్కలకు చెదిరిపోతుంది. మీ పైపొర పోవడానికి నా దృష్టిలో మొదటి కారణం ఇదే.

రెండోది లోపలి రాపిడి. అక్కడి మట్టిలో స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువ, దక్కన్ నల్లరేగడి నుంచి గోదావరి, కృష్ణ మోసుకొచ్చిన జిగురు బంక. లైనర్‌లో మట్టి పెరిగేకొద్దీ గోడల పట్టూ పెరుగుతుంది. ఒక దశలో ఆ పట్టు కింది మెత్తటి మట్టి బలాన్ని మించిపోతుంది, లోపలి మట్టి బిరడాలా బిగుసుకుంటుంది. ఆపైన బ్యారెల్ దిగుతూనే ఉంటుంది గానీ మట్టి లోపలికి రాకుండా పక్కకు తప్పుకుంటుంది. అందుకే కట్టర్ (బ్యారెల్ కింది కోత అంచు) లోపలి వ్యాసం లైనర్ కంటే 1-2 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. క్యాచర్, లైనర్ కలిసేచోట మెట్టులాంటి అంచు ఉండకూడదు. క్యాచర్ రేకులు గట్టివైతే మెత్తటి బురదకు అవే అడ్డం, పలుచనివి వేయండి.

దించే పద్ధతి కూడా మార్చాలి. అడుగుకు 50 మీటర్ల పైన ఆపి, ఊగడం తగ్గేదాకా 3 నుంచి 5 నిమిషాలు ఆగండి. ఊగుతూ తాకితే ఏటవాలుగా దిగుతుంది. తర్వాత నిమిషానికి 60 మీటర్లతో వదలండి. తీగ టెన్షన్ ఒక్కసారిగా పడగానే (అడుగు తాకిన గుర్తు), ఓడ అలల మీద లేచిపడే మేరకు కొద్ది మీటర్ల తీగ అదనంగా ఇచ్చి ఆపేయండి. ఎక్కువిస్తే తీగ అడుగున చుట్టలు పడి మెలిక తిరుగుతుంది. పైకి లాగేటప్పుడు నిమిషానికి 10 మీటర్లే, టెన్షన్ శిఖరానికి వెళ్ళి దిగేవరకు తొందర వద్దు.

బురద మరక ఒకవైపే ఉంటే మాత్రం అది 5 మీటర్లు దిగిన గుర్తు కాదు, కోరర్ అడుగున పక్కకు ఒరిగిందని.

తరంగలేఖ:
మల్టీబీమ్ అంచులు వంగడానికి కారణం దాదాపు ఎప్పుడూ నీటిలో ధ్వని వేగమే. నీటిలోకి జారవిడిచే ఎక్స్‌బీటీ వేసి సరిపెట్టుకున్నారా? అది ఉష్ణోగ్రతే కొలుస్తుంది, ఉప్పదనం మనం ఊహించి ఇవ్వాలి. బంగాళాఖాతంలో, ముఖ్యంగా వానాకాలం తర్వాత, నదీజలం పైన తేలుతుంది. ఉప్పదనం 1 యూనిట్ తగ్గితే ధ్వని వేగం సెకనుకు 1 మీటరుకు కాస్త పైగా తగ్గుతుంది. ఆ ఊహ తప్పితే వాలుగా వెళ్ళే కిరణాలే ఎక్కువ దెబ్బతింటాయి. ఉప్పదనం, ఉష్ణోగ్రత, లోతు కలిపి కొలిచే సీటీడీ వేయండి, ధ్వనిని పంపి అందుకునే ట్రాన్స్‌డ్యూసర్ దగ్గరి వేగమాపకాన్ని దానితో పోల్చండి.

కోర్ చోటు మాత్రం అడుగు కింది పొరలను ధ్వనితో చూపే సబ్-బాటమ్ ప్రొఫైలర్ చూసి ఎంచండి. ధ్వని రానుపోను 8 మిల్లీసెకన్లంటే సెకనుకు 1,500 మీటర్ల లెక్కన 6 మీటర్లు, మీ బ్యారెల్ పొడవంతే. సమాంతరంగా సన్నని పొరలున్నచోట దించండి. గజిబిజిగానో, పొరలేమీ లేకుండానో కనిపిస్తే అది జారిపడిన మట్టి కావచ్చు, కాలక్రమం దొరకదు. అడుగు ఉపరితలమే చాలా గట్టిగా మెరిస్తే కార్బొనేట్ గడ్డలు ఉండవచ్చు, బ్యారెల్ వంగిపోతుంది. ఓడ స్థానాన్నే కోర్ స్థానంగా రాసుకోకండి. తీగ 3 డిగ్రీలు వాలితే 1,100 మీటర్లకు 58 మీటర్ల తేడా. కోరర్‌కు 50 మీటర్ల పైన తీగకు, స్థానాన్ని ధ్వనితో తెలిపే యూఎస్‌బీఎల్ బీకన్ కట్టాలి.

రేవడి_తీరం:
వాల్వ్ రంధ్రం నిజంగానే ఇరుకుగా ఉందండీ, మారుస్తాం. ఉన్న 2.1 మీటర్లను 5 మీటర్లకు సాగదీసి లోతులు వేసుకోవచ్చా? చివర్లో స్వేచ్ఛగా పడి, లోపలి పిస్టన్ సాయంతో మట్టిని రప్పించే పిస్టన్ కోరర్‌కు మారితే మేలా?

వించ్_డెక్:
సాగదీయకండి. నష్టం అంతటా సమానంగా ఉండదు, కిందికి వెళ్ళేకొద్దీ ఎక్కువ. అదే చోట, చాలా చిన్న గొట్టాలను ఒకేసారి మెల్లగా దించే మల్టీకోరర్ దించితే పైపొర చెదరకుండా వస్తుంది. రెండు కోర్ల మ్యాగ్నెటిక్ ససెప్టిబిలిటీ (మట్టి అయస్కాంతానికి స్పందించే తీరు) వక్రాలు సరిపోల్చి పైన ఎంత పోయిందో లెక్కించండి. పిస్టన్ పొడవైన కోర్ ఇస్తుంది, నిజమే. కానీ బరువు వదిలిన క్షణాన సాగిన తీగ వెనక్కి లాగుతుంది, పిస్టన్ పైకి లేచి మట్టిని పీలుస్తుంది. స్వేచ్ఛాపతనం, తీగ లూపు పొడవు లెక్క తప్పితే ఇప్పటికన్నా ఘోరం.

తరంగలేఖ:
ఇంకో జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2006లో జోయిడెస్ రెజల్యూషన్ అనే డ్రిల్లింగ్ ఓడ ఇదే బేసిన్‌లో 1,038 మీటర్ల నీటి కింద సుమారు 128 మీటర్ల మందాన, మీథేన్ చిక్కుకున్న మంచులాంటి గ్యాస్ హైడ్రేట్‌ను చూపించింది. సబ్-బాటమ్‌లో పొరలు హఠాత్తుగా మాయమైతే గ్యాస్ అని అనుమానించండి. ఒత్తిడి తగ్గేకొద్దీ కోర్ ఉబ్బుతుంది, మూతలు ఎగిరిపడతాయి. లైనర్ చివరలకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. కుళ్ళిన గుడ్ల వాసన తగిలినా తగలకపోయినా హైడ్రోజన్ సల్ఫైడ్ మీటర్ డెక్ మీద ఉండాలి, ఆ వాయువు ఎక్కువైతే ముక్కు దాన్ని పసిగట్టలేదు. మీథేన్ నమూనాను ముందు తీసి సీసాలో బిగించాకే లైనర్‌ను మీటరు ముక్కలుగా కోయండి. పై కొనకు బాణం గుర్తు కోయకముందే వేయాలి.